ఎలుకను తూచలేదు

మా ల్యాబులో పెరిగే గడ్డ వయసు నా వయసు కంటే ఎక్కువ. నేను పుట్టకముందెప్పుడో, ఏ దేశంలోనో, ఒక ఎలుకకు వచ్చిన కేన్సర్ అది. ఆ ఎలుక చచ్చేలోపే దాని గడ్డలోంచి ఒక ముక్క కోసి ఇంకో ఎలుకలో పెట్టారు. అదీ చచ్చేలోపు మరొకదాంట్లో. అలా ఎలుక నుంచి ఎలుకకు మారుతూ, చివరికి బొంబాయిలో పంజరంలో రైలెక్కి సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగింది. దించుకురావడానికి వెళ్ళింది నేనే. పోర్టరు పంజరంలోకి తొంగి చూసి, "ఏంది సార్, మన దగ్గర ఎలుకలు లెవ్వా, బొంబాయికెళ్ళి తెప్పిస్తున్రు?" అని నవ్వాడు.

అరవైల చివర నేను యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్‌ని. పల్లె నుంచి వచ్చిన రైతు కొడుకుని. మా వంశంలో మొదటి డాక్టరేట్ నాదే కావాలని ఉండేది. రాతి భవనం వెనక రేకుల షెడ్డులో ఎలుకల్ని ఉంచేవాళ్ళం. మా పని చెప్పడానికి సులువు. గడ్డ బాగా ఎదిగిన ఎలుకను చంపి, గడ్డ తీసి, ఉప్పునీళ్ళలో కడిగి, కత్తెరతో చిన్న ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కను లావుపాటి సూదిలో పెట్టి ఆరోగ్యంగా ఉన్న ఎలుక చంక కింద చర్మంలోకి దూర్చాలి. కొన్నాళ్ళకు అక్కడ శనగగింజంత పుడుతుంది. ఇంకొన్నాళ్ళకు రేగుపండంత. సగం ఎలుకలకు మందు పెడతాం, సగానికి పెట్టం. చివర అన్నిటినీ చంపి గడ్డలు కోసి తూస్తాం. మందు తిన్నవాటి గడ్డలు చిన్నగా ఉంటే ఆ మందులో ఏదో ఉన్నట్టు.

చంపడానికి మెడ మీద పెన్సిలు అడ్డంగా నొక్కి, తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజాలి. మొదట్లో రెండుమూడుసార్లు గుంజాల్సి వచ్చేది. తర్వాత ఒక్క గుంజుకే అయ్యేది. ఆ తర్వాత, షెడ్డు చూడటానికి ఎమ్మెస్సీ పిల్లలు వస్తే, వాళ్ళతో కబుర్లాడుతూ, చేతివంక చూడకుండా చంపి చూపించేవాణ్ణి. అమ్మాయిలు మొహం తిప్పుకుంటే నాకు అదొక మర్యాదలా ఉండేది.

మందు పెట్టని ఎలుకల బతుకు ఇంకా హీనం. ఏమీ చేయకపోతే ఏమవుతుందో చూపించడమే వాటి పని. గడ్డ పగిలి రసి కారుతున్నా, ముందరి కాలు ఎత్తలేక ఈడ్చుకుంటున్నా ముట్టుకోకూడదు. నేను ముట్టుకోలేదు. పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుని అన్నం తినేవాణ్ణి.

మా ప్రొఫెసర్ నాకిచ్చింది ఒక మొక్క. దాని పేరు రాయను. ఇప్పటికీ దాన్ని నమ్మేవాళ్ళున్నారు. నాలుక మీద చిటికెడు పడితే పొద్దంతా వదలని చేదు. దాని సారం నీళ్ళలో కరగలేదు. ఇంజెక్షన్ చేయబోతే సూది మూసుకుపోయేది. సన్నని గొట్టంతో గొంతులో పోయాలని చూశాను. ఆ పనితనం నాకు లేదు. మందు ఊపిరితిత్తుల్లోకి పోయి కొన్ని ఎలుకలు నా చేతిలోనే కొట్టుకుని చచ్చాయి. గొట్టం వాడటం ఎవరినైనా అడిగి నేర్చుకోవచ్చు. నేర్చుకోలేదు. మేతలో కలిపేస్తే పోలా అనుకున్నాను. గోధుమపిండి, శనగపిండి, కాస్త పాలపొడి కలిపి ఉండలు చేసి ఎండబెట్టేవాళ్ళం. సగం పిండిలో ఆ పొడి కలిపాను.

మందు ఎలుకల గడ్డలు చిన్నవిగా వచ్చాయి. కొన్నిటికైతే వెతికి తీయాల్సి వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. ప్రొఫెసర్ ఆ గడ్డల్ని వరసగా బ్లాటింగ్ పేపర్ మీద పెట్టించి చాలాసేపు చూశారు. "వెల్, నీ పెళ్ళిలో చెప్పుకోవడానికి ఒక కథ దొరికిందయ్యా" అన్నారు. ఆయన అంతకుముందు నాతో హాస్యమాడింది లేదు.

చేయాల్సిన పని ఇంకొకటుంది. గడ్డతోపాటు ఎలుకనూ తూచాలి, మొదటా చివరా. ఇది పెద్ద రహస్యమేమీ కాదు, ఈ పని నేర్పే ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. మొదట తూచాను. చివర తూచలేదు. గడ్డ కోసి తీశాక మిగిలినదాన్ని బకెట్లో పారేసేవాణ్ణి. బద్ధకమొకటి. మందు తిన్నవి చేతికి తేలిగ్గా తగలడం నాకు తెలుసు. తెలిసినదాన్ని తూచి నిజం చేసుకోవడం ఇష్టం లేకపోవడం రెండోది.

నేను ఉండేది తార్నాకలో, ఒక రైల్వే ఫిట్టరు ఇంట్లో, వెనక గదిలో. వాళ్ళది నల్లగొండ వైపు ఊరు. భూమి అన్నదమ్ములకు వదిలేసి ఇటు వచ్చారు. ఆయన మాట తక్కువ మనిషి. ఆమె ఒక బర్రెను, కొన్ని కోళ్ళను సాకుతూ వీధంతా వినపడేలా మాట్లాడేది. నేను ఆమెను అక్కా అన్నాను కాబట్టి ఆయన బావ అయ్యాడు. వాళ్ళకు పిల్లల్లేరు.

గదిలో దిగిన వారానికే, "తమ్మీ, నీ అంగీలు మా దండెం మీద ఆరెయ్యకు. ఎలుకల కంపు. బర్రె గూడ మూతి తిప్పుతున్నది" అంది. ఆ సాయంత్రమే ఆ అంగీల్ని తీసుకుపోయి సబ్బు పెట్టి ఉతికింది కూడా.

గోధుమపిండి దొరకడం కష్టంగా ఉన్న రోజులవి. మందు ఎలుకల పళ్ళెంలో ఉండలు చాలా మిగిలిపోయేవి. పారేయడానికి మనసొప్పక ఒకసారి ఇంటికి తెచ్చి కోళ్ళకు వేశాను. అవి పరుగెత్తుకొచ్చి ఒక్క పోటు పొడిచి, తలలు విదిలించుకుని, ముక్కులు నేలకు రాసుకుంటూ వెళ్ళిపోయాయి.

"ఏంది తమ్మీ, మీ యూనివర్సిటీ లడ్డూలు మా కోళ్ళు గూడ ముడుతలెవ్వు. మీ ఎలుకలు ఎట్ల తింటున్నయో పాపం!"

"మా ఎలుకలు చదువుకున్నయక్కా" అన్నాను.

ఆమె పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను. ఎలుకలు తినడం లేదన్న సంగతి వాకిట్లో నా కళ్ళముందే పడి ఉంది. నేను దాని మీద జోకు వేసి లోపలికి వెళ్ళి పడుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు అన్నం దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. కేన్సర్ గడ్డలు కరుగుతున్నాయని, పేపర్లో పడుతుందని, ఢిల్లీలో చదువుతారని. అక్క నోరు తెరుచుకుని వినేది. ఒకరోజు ఎందుకో నవ్వకుండా విన్నది.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ నా గది గుమ్మంలోకి వచ్చారు. బావ డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. ఆమె లోపలికి రాలేదు, తలుపు రెక్క వెనక నిలబడింది.

"దీనికి ఎదల గడ్డున్నది తమ్మీ" అన్నాడు ఆయన. "పెద్ద దవాఖానల చూపెట్టినం. కోసి తీసెయ్యాలన్నరు. మొత్తం."

"గడ్డనా?"

"గడ్డ ఒక్కటే గాదు" అంది తలుపు వెనకనుంచి ఆమె. "మొగ డాక్టరు. నేను పోను. సస్తె గీడనే సస్త."

"ఎంత పెద్దగుంది?"

బావ ఆమెవంక చూశాడు. ఆమె కొంగులోంచి చేయి తీసి బొటనవేలు కొస చూపించింది. "గింతే. రేగ్గాయంత."

బ్లాటింగ్ పేపరు మీద పెట్టిన గడ్డలు నాకు గుర్తొచ్చాయి. జాలి కలిగిందని చెప్పుకోవచ్చు గానీ, మొదట కలిగింది జాలి కాదు. మనిషి మీద పనిచేస్తే! ఎలుకల పేపరు ఎవరైనా రాస్తారు.

"ఆపరేషన్‌కు పోవాలక్కా" అనాలి. అన్నాను కూడా, మెల్లగా, ఆమె వద్దంటుందని తెలిసి.

"నీ ఎలుకలకు తగ్గింది నాకు తగ్గదా తమ్మీ? ఎలుక కంటె హీనమా నేను?"

"జర ఇచ్చి చూడు" అన్నాడు బావ. "తగ్గకుంటే గప్పుడు దవాఖానకే పోదాం. నేను గుంజుకపోత."

ల్యాబులోంచి పొడి తెచ్చి కాగితాల్లో పొట్లాలు కట్టి ఇచ్చాను. ఎంత ఇవ్వాలన్నది ఎలుక బరువును, మనిషి బరువును చూసి లెక్కగట్టానని వాళ్ళకు చెప్పాను. లెక్క గట్టలేదు, అందాజుగా ఇచ్చాను. "ఎవ్వరికీ చెప్పకక్కా, తెలిస్తే నా సీటు పోతది" అన్నాను. "నా ప్రాణం పోయినా చెప్ప" అని ఆమె బర్రె మీద ఒట్టు పెట్టుకుంది.

ఆ పొడి వేసుకుంటే ఆమెకు అన్నం సయించేది కాదు. మూడు పూటలా తినే మనిషి మజ్జిగతో సరిపెట్టుకునేది. బుగ్గలు లోపలికి పోయాయి. గాజులు మోచేతిదాకా జారేవి. వీధిలో వాళ్ళు "ఏమాయె గిట్ల చిక్కినవ్?" అంటే, "సినిమాల చేరుదామని" అనేది. రోజూ పొద్దున బర్రె పాలు పిండుతూ నావైపు చూసి, "మెత్తవడ్డది తమ్మీ" అనేది. "తగ్గినట్టే ఉన్నది." గడ్డ తగ్గిందో, మనిషి తరిగిపోతూ ఏది ఎంతున్నదో ఆమెకే తెలియకుండా పోయిందో నేను అడగలేదు. తగ్గిందన్న మాట చాలు నాకు.

అప్పుడే మా ప్రొఫెసర్ ఒక సభలో మా ఫలితాలు చదివి వచ్చారు. అక్కడ వెనక వరసలో కూర్చున్న ఒక ముసలాయన లేచి ఒకే ఒక ప్రశ్న అడిగారట. "మీ ఎలుకలు ఎంత తూగాయి?" నేనిచ్చిన కాగితాల్లో చివరి బరువులు లేవు. ప్రొఫెసర్ తిరిగొచ్చి నా మీద అరవలేదు. కుర్చీలో కూర్చుని, "మందు లేని ఎలుకలకు కూడా, మందు ఎలుకలు తిన్నంతే మేత పెట్టి చూడు" అన్నారు.

పెట్టాను. మందు కలిపిన మేతలో అవి ఎంత తింటున్నాయో మొదటిసారి తూచి చూశాను. అదొక మేతే కాదు, పిట్టకు కూడా చాలదు. మందు లేని ఎలుకలకు మంచి మేతే, కానీ అంతే కొలిచి పెట్టాను. అవి పంజరం తీగల మీదికెక్కి మూతులు బయట పెట్టి రోజంతా నావైపు చూసేవి. వాటి గడ్డలూ చిన్నవే అయ్యాయి. సరిగ్గా అంతే చిన్నవి. మందులో ఏమీ లేదు. చేదుకు తినలేక ఎలుకలు ఎండిపోతే, వాటితోపాటు గడ్డ కూడా ఎండింది. కడుపునిండా మేత పెట్టిన ఎలుకల్లో అదే గడ్డ మళ్ళీ ఉరికురికి పెరిగింది.

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే. ఇంకో మొక్క చూద్దాం" అన్నారు. అంతే. ఆయనకు అది ఒక మొక్క.

ఇంటికి నడిచి వస్తూ దారంతా ఎలా చెప్పాలో అనుకున్నాను. అక్కా, తప్పయింది, రేపే దవాఖానకు పో. నాలుగు మాటలు. గేటు తీస్తుంటే ఆమె ఎదురొచ్చి, "ఏం తమ్మీ, మొఖం గట్ల పెట్టినవ్? ఎవరన్న తిట్టిన్రా?" అంది. ఎండిన ఆ మొహంలో నా మీద అంత బెంగ చూశాక నోరు రాలేదు. ఆమె మీద ప్రేమతో కాదు. ఆమె కళ్ళలో నేను ఇంకా డాక్టర్నే. అది పోతుందని.

"ఇంక పొడి వద్దక్కా" అన్నాను. "పని చేసింది. ఇగ ఆపేద్దాం. మంచిగ తిను."

"పక్కా తగ్గినట్టేనా?"

"తగ్గినట్టే."

పొడి ఇవ్వడం ఆపాలి, తప్పు ఒప్పుకోకూడదు. రెంటికీ కలిపి అదొక్కటే మాట దొరికింది నాకు. దవాఖాన ఊసు ఎత్తలేదు. ఎత్తితే ఎందుకని అడుగుతారు.

ఆ ఆదివారం ఆమె మైసమ్మకు కోడిని కోసింది. మొక్కుకుందట. పక్కింటివాళ్ళనూ పిలిచింది. ఏం మొక్కో వాళ్ళకు చెప్పలేదు, నాకిచ్చిన మాట నిలబెట్టుకుంది. నన్ను ముందు కూర్చోబెట్టి, కార్జం ముక్క నా విస్తట్లో వేసి, "తిను తమ్మీ, నీ చేతి సలువ" అంది. తాను కూడా నా ఎదురుగా కూర్చుని, ఎన్నాళ్ళకో ఆకలేసిన మనిషిలా రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఆమె తింటుంటే నాకు తీగల మీదికెక్కిన ఎలుకలు కనపడలేదు. కడుపునిండా మేత పెట్టిన ఎలుకలు కనపడ్డాయి. విస్తరి ఖాళీ చేసి లేచాను.

నెల తిరక్కుండానే, థీసిస్ పని ఎక్కువైందని చెప్పి హాస్టల్లో చేరాను. ఆమె ఏడ్చి, చింతకాయ తొక్కు సీసాలో పెట్టిచ్చింది. ఆ తర్వాత ప్రత్యేక రాష్ట్రం గొడవల్లో క్యాంపస్ మూతపడింది, బస్సులు ఆగాయి, రోడ్డు మీద టైర్లు కాలాయి. నేను ఎలుకలకు మేత వేయడానికి పోలీసుల మధ్యలోంచి షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. తార్నాక అక్కడికి నడిచేంత దూరం. ఒక్కసారీ పోలేదు. పోనందుకు గొడవలు మంచి సాకు.

క్యాంపస్ తెరిచాక ఒక మధ్యాహ్నం బావ షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. దారి అడుగుతూ వచ్చాడట. టోపీ చేతిలో పట్టుకుని, "పొడి ఇంకింత ఉంటే ఇయ్యి తమ్మీ" అన్నాడు. "మళ్ళ లేసింది. ఈసారి పగిలింది. చంకల గూడ వచ్చినయి."

ఆయన పంజరాలవైపు చూశాడు. మందు పెట్టని ఎలుక ఒకటి పక్కకు ఒరిగి ఊపిరి పీలుస్తోంది. చంక కింద పుండు. ఆయన దాన్నే చూస్తూ, "దీనికి ఏం ఇలాజ్ చేస్తున్నవ్?" అని అడిగాడు.

"ఏం లేదు బావా. దీనికి ఏమియ్యం."

"ఊకనే చూస్తరా?"

"ఊకనే చూస్తం."

అప్పుడు చెప్పాను. పొడిలో ఏమీ లేదని, చేదుకు ఎలుకలు తినలేదని, తినక ఎండినందుకే గడ్డ చిన్నదయిందని. ఆయన మళ్ళీ ఆ ఎలుకవైపు చూశాడు.

"అంటే మా దాన్ని గూడ ఎండబెట్టినవ్."

"నాకప్పుడు తెల్వదు బావా."

"ఎప్పుడెరుక?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా మొహం చూస్తున్నాడు. "మైసమ్మకు చేసినప్పటికే" అన్నాను.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన టోపీ పెట్టుకున్నాడు. "అది దవాఖానకు రానంటున్నది. తమ్ముడొచ్చి పొడి ఇస్తడు, అందాక రాను అంటున్నది. నువ్వు చెప్తేనే వస్తది. నడువ్." గుమ్మం దగ్గర ఆగి, "పొడి సంగతి దానికి చెప్పకు" అన్నాడు. "నీ మీద మనసున్నది. గదన్న ఉండనీ."

ఆమె నన్ను చూసి లేచి కూర్చుంది. గదిలో వాసన. నాకు కొత్త వాసన కాదు. "బక్కగైనవ్ తమ్మీ, హాస్టల్ల ఏం పెడుతున్నరు?" అంది. నేను దవాఖానకు పోదామంటే కిక్కురుమనకుండా చీర మార్చుకుంది.

దవాఖానలో డాక్టరు కట్టు విప్పి చూసి మళ్ళీ కప్పేశాడు. ఇంతకాలం ఎక్కడ చచ్చారని అడిగాడు. ఏం మందు వాడారని అడిగాడు. బావ నేలవైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

"మా అత్తగారూల్లె పసరు తాగిన సారూ" అంది ఆమె, తడుముకోకుండా.

డాక్టరుకు కోపమొచ్చింది. పల్లెటూరి మొద్దులని, పసర్లకూ తాయెత్తులకూ ప్రాణాలు తీసుకుంటారని, ఒక్కొక్కరినీ ఎంత చెప్పినా బుద్ధి రాదని, ఆమె మొహం మీదే తిట్టాడు. ఆమె తల వంచుకుని తిట్లన్నీ పడింది. తర్వాత ఆయన నావైపు తిరిగి, గొంతు మార్చి, ఇంగ్లీషులో, "మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. మీరైనా చెప్పి ఉండాల్సింది" అన్నాడు. నేను తలూపాను. ఆ తలూపడం కంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో ఇంకొకటి చేయలేదు. మొదట్లో వచ్చి ఉంటే తీసేయడానికి వీలుండేదని, ఇప్పుడు కోయడానికేమీ లేదని, ఆమెకు అర్థమయ్యేలా చెప్పమని అనేసి ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆమె మధ్యలో.

"ఏమన్నడు తమ్మీ?"

"ఇప్పుడు ఆపరేషన్ కాదన్నడక్కా."

"ముందుగాల్ల వస్తే అయ్యేదా?"

కాకపోయేదని అంటే సరిపోయేది. రాత అని ఊరుకునేది. బావ నా మోకాలి మీద చేయి వేశాడు. ఆ చేతి బరువు నాకు తెలిసింది. అయినా ఆ తలూపడం నా లోపల పుండులా సలుపుతోంది. దాన్ని ఎవరిమీదైనా దించుకోవాలి.

"అయ్యేదక్కా" అన్నాను. "పొడి ఉత్తది. నాకు ముందే ఎరుక. తగ్గిందని అబద్ధం చెప్పిన."

ఆమె నావైపు చూడలేదు. కొంగుతో చంక కింద కట్టు సర్దుకుంది. ఇంకోసారి సర్దుకుంది. వరండాలో ఎవరిదో పిల్ల ఏడుస్తోంది. మొగుడితో, "ఈ సారును పొమ్మను" అంది.

బావ నన్ను భుజం పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చాడు. రిక్షాల పక్కన నిలబెట్టి వదిలాడు.

"చెప్పొద్దంటి గదా" అన్నాడు. "గన్ని దాచినవ్. గీ ఒక్కటి దాచకపోతివా?"

ఆమె ఒక్కతే ఉంటుందని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.